రాయికి బదులు ఎక్కిన పిల్ల

మొన్న సాయంత్రం మా ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చుని ఒక కెప్టెన్‌ను తిట్టారు. ఎక్కడో దూరదేశపు సముద్రంలో ఓడ ఒరిగిపోయిందట. జనం ఇంకా లోపల కేకలు పెడుతుండగానే ఆ మహానుభావుడు చిన్న పడవెక్కి ఒడ్డు చేరాడట. "ఛీ, వాడూ ఒక మనిషేనా" అంది మా కోడలు. "ఉరి తియ్యాల అవ్వా అట్లాంటోణ్ణి, నువ్వేమంటావు?" అన్నాడు మనవడు. నేను మామూలుగా ప్రతిదానికీ ఏదో ఒకటి అనేదాన్ని. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో పిల్లల్ని అదిలించిన నోరు నాది. ఆ పూట మాత్రం పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి లేచిపోయాను. వంటింట్లో పాలూ లేవు, పొయ్యీ వెలగడం లేదు. చీకట్లో నిలబడి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎనభై దాటినదానికి ఇంత సిగ్గు ఇంకా యాడ మిగిలి ఉందో నాకే తెలియలేదు. ఆ కెప్టెన్ ఎవడో నాకు తెలియదు. అలాంటి పనే చేసిన ఇంకొక మనిషి మాత్రం నాకు బాగా తెలుసు. ఆయన మా నాయన. ఆయన ఆ పని చేసింది నా కోసమే.

మా ఊరికీ ధర్మవరానికీ నడుమ చిత్రావతి. ఏరంటే ఏదో అనుకునేరు. ఏడాదిలో ముక్కాలు భాగం అది ఇసుక. మా ఏట్లో చేపల కన్నా మేకలే ఎక్కువని పక్క ఊళ్ళవాళ్ళు ఎగతాళి చేసేవారు. అందులో నడుచుకుంటూ, మధ్యలో కూర్చుని చెలమ తవ్వుకుని నీళ్ళు తాగుతూ జనం ధర్మవరం పోయి వచ్చేవారు. పైన ఎక్కడో మైసూరు సీమలో గట్టిగా వాన పడ్డప్పుడు మాత్రం మా ఏరు ఉన్నట్టుండి ఏరైపోయేది. అప్పుడు మా నాయనకు పని పడేది. ఆయన పేరు నాగప్ప. ఊళ్ళో అందరూ అరిగోలు నాగప్ప అనేవారు. అరిగోలంటే గుండ్రటి పడవ. వెదురు బద్దలతో పెద్ద గంప మాదిరి అల్లి, అడుగున ఎనుము తోలు, అంటే గేదె తోలు, తొడిగి కుట్టేది. దానికి ముందూ వెనకా ఉండవు. గడ పట్టినవాడి చేతివాటమే దానికి దిక్కు. నీళ్ళు లేని కాలంలో నాయన రైతుల కాడ కూలికి పోయేవాడు, కట్టెలు కొట్టేవాడు. గడ పట్టిన రోజున మాత్రం ఆయన నడకే వేరుగా ఉండేది. రెడ్డి కూడా అరిగోలు దగ్గరికి వచ్చి "ఎక్కొచ్చునా నాగప్పా" అని అడగవలసిందే.

మా ఇల్లు అంటే నాకు ముందు గుర్తొచ్చేది తోలు వాసన. అరిగోలును పశువుల కొట్టంలో బోర్లా వేసి పెట్టేవారు. ఎండకు తోలు బిరుసెక్కకుండా నెలకోసారి కానుగ నూనె పట్టించాలి. ఆ పని మా అవ్వది, అంటే నాయన తల్లిది. ముక్కుపొడి పీల్చి, గుడ్డపేలిక నూనెలో ముంచి, ఆ తోలును బిడ్డకు నలుగు పెట్టినట్టు రుద్దుతూ కూర్చునేది. కానుగ నూనె ఘాటు, ఎనుము తోలు కవురు, పక్కనే అమ్మ ఊదుతున్న పొయ్యిలోంచి తుమ్మకట్టెల పొగ. మా బట్టలూ, జుట్టూ, తినే సంగటి కూడా ఆ వాసనే. బడిలో పిల్లలు నా పక్కన కూర్చోవడానికి ముక్కులు మూసుకునేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కానీ సిగ్గు వేసేది కాదు. మా నాయన గడ పట్టేవాడు, వాళ్ళ నాయనలు నీళ్ళు చూస్తే వణికేవాళ్ళు, అంతే నా లెక్క.

నూనె రుద్దుతూ అవ్వ గడ పట్టేవాళ్ళ కట్టుబాట్లు చెప్పేది. అవి మా తాతల నాటివి. గడ పట్టినవాడు ఎక్కేటప్పుడు అందరికన్నా ముందు ఎక్కాలి, దిగేటప్పుడు అందరికన్నా కడాన దిగాలి. నీళ్ళు లోపలికి వస్తే ఈ పక్క ఒకరిని, ఆ పక్క ఒకరిని సరిచూసి దింపాలి, ఒక పక్కే దింపితే బోర్లా పడుతుంది. తూకం ఎప్పుడూ తప్పకూడదు. జనం ఎదురెదురుగా జతలుగా కూర్చోవాలి. జత కుదరని మనిషి ఉంటే వాడి ఎదురుగా రాయి పెట్టాలి. ఆ రాయి ఏటిగట్టునే ఉండేది, నీళ్ళలో దొర్లి దొర్లి గుండ్రమైన నల్లరాయి. మా సీమలో రాళ్ళకేం కరువు? కానీ మొనదేలిన రాయి తోలును కోసేస్తుంది, అందుకని ఆ ఒక్కదాన్నే పసుపు పూసి కాపాడుకునేవారు. ఇంకొక కట్టుబాటు ఉంది. గడ పట్టినవాడు తన ఇంటివాళ్ళను జనంతో కలిపి ఎక్కించుకోకూడదు. మేము అవతలికి పోవాల్సి వస్తే మమ్మల్ని వేరుగా, ఒట్టి అరిగోలులో తీసుకుపోయేవాడు నాయన. అదేమని అడిగితే అవ్వ, "మనోళ్ళుంటే చెయ్యి రెండు దిక్కులు పోతాదే" అనేది.

కడాన దిగే అలవాటు నాయనకు ఇంట్లోకీ వచ్చేసింది. సంగటి ముద్ద అందరి కంచాల్లో పడ్డాకే ఆయన కూర్చునేవాడు. అమ్మా, అవ్వా తినే వరకూ అరుగు మీద బీడీ కాల్చుకుంటూ ఉండేవాడు. మా ఊళ్ళో మగవాళ్ళు ముందు తిని, ఆడవాళ్ళు అడుగూబొడుగూ తినే రోజులవి. ఇరుగుపొరుగు నవ్వేవారు. "నాగప్ప ఇంట్లో కూడా గడ పట్టినాడే" అని అమ్మను ఆటపట్టించేవారు. అమ్మ మూతి తిప్పినట్టే తిప్పి, లోపల ఎంత పొంగిపోయేదో నాకు తెలుసు. ఆ వయసులో నాకు దేవుడంటే మా నాయనే. ఇప్పుడు రాస్తుంటే ఆ మాటకు చెయ్యి ఆగుతోంది, అయినా అది నిజం.

మా పక్కింటి రత్న నా ఈడుది. వాళ్ళు నేతగాళ్ళు. వాళ్ళ నాయన చౌడప్పను నేను మామా అనేదాన్ని. ఇంట్లో సగం చోటు మగ్గమే. రత్న మగ్గం పక్కన కూర్చుని అంచు పోగులు ఎత్తి ఇచ్చేది. దాని వేళ్ళు సన్నగా, చురుగ్గా ఉండేవి. నావి పిడకలు చరిచే వేళ్ళని అది ఎక్కిరించేది. "నీకేం మే, నువ్వు నీళ్ళ మీద పోతావు, నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకోని ఉండేదే" అని అసూయపడేది కూడా. నేను కూడా ఒక్కసారైనా జనంతో కలిసి, రత్న ఎదురుగా కూర్చుని ఏరు దాటాలని ఎంత ఆశపడ్డానో. కట్టుబాటు మా ఇద్దరికీ అడ్డం.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. కిరసనాయిలు దొరక్క సందేళకే తినేసి పడుకునేవాళ్ళం. దానికి తోడు వరసగా వానలు లేవు. ఏట్లో చెలమలు కూడా ఎండిపోయాయి. ఎవరికీ అరిగోలు గుర్తు లేదు. అవ్వకు చూపు తగ్గింది, కానుగ నూనె దీపాలకే చాలేది కాదు. కొట్టంలో తోలు ఎండి చెక్కలా అయ్యింది. అలాంటప్పుడు ఒక తెల్లారుజామున ఏటి హోరు వినపడింది. ఓయప్పా, ఆ సంతోషం ఏం చెప్పేది! ముసలాళ్ళు కూడా గట్టుకు పరిగెత్తి ఎర్రటి నీళ్ళకు దండాలు పెట్టారు. ఆడవాళ్ళు పసుపూ కుంకుమా వేశారు. నాయన అరిగోలును ఎత్తుకొచ్చి గట్టున నీళ్ళలో నానేశాడు. ఎండిన తోలు మెత్తబడి, కుట్లు ఉబ్బి బిగిసే దాకా దాన్ని నడపకూడదు. అది ఆయనకు తెలుసు. ఊరికీ తెలుసు. కానీ ఇన్నాళ్ళకు నీళ్ళొచ్చిన ఊరికి ఓపిక ఉంటుందా?

చౌడప్ప మామ చీర మూట సంకన పెట్టుకుని పొద్దున్నే గట్టుకు వచ్చాడు. వెంట రత్న. ధర్మవరంలో ఎవరిదో పెండ్లికి నేసిన చీర అది, ముహూర్తం దగ్గరపడింది. గాజుల మలారం భుజాన వేసుకుని మస్తాన్ తాత వచ్చాడు. ఆయన కండ్లకు సుర్మా, నోట్లో మాత్రం మా అందరికన్నా చక్కటి తెలుగు. కనగానపల్లి దిక్కునుంచి గొర్రెల బేరానికి తిరుగుతున్న అన్నదమ్ములు ఇద్దరు అప్పటికే వచ్చి కూర్చున్నారు.

"తోలు ఇంకా సరిగ్గా నానల్యా చౌడన్నా. ఏరు కూడా తగ్గల్యా. రేపు పోదాం" అన్నాడు నాయన.

"రేపు రేపంటే ముహూర్తం ఆగుతాదా అప్పా? ఇంటిల్లిపాదీ కూకోని నేసినాం. ఈ పొద్దు చీర అందకపోతే ఇంగ ఆ సావుకారు నా మొగం సూడడు."

"పోదాం లే నాగప్పా. నీ చేతిలో గడ ఉండంగ మాకేం భయం?" అన్నాడు మస్తాన్ తాత.

ఆ మాటే నాయనను పడగొట్టింది. నేను పక్కనే ఉన్నాను, ఆయన ఛాతీ విరుచుకోవడం చూశాను. అన్నదమ్ములు ఇద్దరూ ఒక జత. మామా, మస్తాన్ తాతా ఒక జత. రత్నకు జత లేదు. నాయన రాయి కోసం వెతికాడు. ఏరు దాన్ని ఇసుకలో పూడ్చేసిందో, దొర్లించుకుపోయిందో కానీ అది ఉండే చోట లేదు. గడతో పొడిచి పొడిచి చూశాడు.

"రాయి ల్యాకుంటే పోనీ అప్పా. లచ్చుమి ఉండాది కదా. ఇద్దురూ ఒక ఈడే, ఒక తూకమే. రత్నకు ఎదురుగా కూకుంటాది" అన్నాడు చౌడప్ప మామ నన్ను చూపిస్తూ.

ఒక గోనెసంచిలో ఇసుక నింపి పెడితే సరిపోయేది. ఆ సంగతి తర్వాత ఊళ్ళో ప్రతివాడూ చెప్పాడు. ఆ పొద్దు ఒక్కడికీ తోచలేదు. రాయి అన్నారు, రాయి పోతే రాయంత మనిషి అనుకున్నారు, అంతకు మించి ఎవరి బుర్రా పోలేదు.

గట్టు మీద కూర్చున్న అవ్వ చేతికర్ర నేలకు కొట్టింది. "ఒద్దురా నాగా. మనోళ్ళని జనంతో కలిపి ఎక్కించగూడదు. మీ నాయన ఎక్కించల్యా, మీ తాత ఎక్కించల్యా."

"దాన్ని మనిషి అని ఎక్కిస్తానా అమ్మా? రాయి బదులు ఎక్కిస్తాండా" అన్నాడు నాయన నవ్వి.

"నేను రాయి మాదిరే కూకుంటా అవ్వా, కదలను" అన్నాను నేను. అని, అవ్వ ఇంకో మాట అనకముందే ఎగిరి లోపల పడ్డాను. రత్న నా ఎదురుగా కూర్చుని నా మోకాళ్ళకు తన మోకాళ్ళు ఆనించింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాము.

ఏరు సగం దాటేదాకా అంతా బాగానే ఉంది. నడి ఏట్లో ఏనుగుబండ అని పెద్ద బండ ఉంటుంది, దాని వీపు మాత్రం నీళ్ళ పైకి కనబడుతూ ఉంది. దానికి కొంచెం పైన ఉండగా కొట్టుకొస్తున్న తుమ్మమొద్దు ఒకటి మా పక్కకు తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. నానిన తోలైతే లొంగి ఊరుకునేది. ఎండిన కుట్టు పటపటా విడిపోయింది. ఎర్రటి నీళ్ళు నా పాదాల మీదికి వచ్చాయి, చల్లగా. నాయన గొంతు ఎత్తలేదు. "ఎవరూ లేయొద్దు. కూకోండి. బండకు ఆనిస్తా. ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు, నేను చెప్పినట్ల దిగల్ల" అన్నాడు. అందరూ ఆయన ముఖమే చూస్తూ కదలకుండా కూర్చున్నారు. చెప్పినట్టే అరిగోలును బండ దగ్గరికి తెచ్చాడు కూడా. నా పక్క బండకు ఆనింది. అంతవరకూ ఆయన అవ్వ చెప్పిన మనిషే.

అప్పుడు అరిగోలు గిర్రున తిరగబోయింది. నీళ్ళు ఒక్కసారి మోకాళ్ళ దాకా వచ్చాయి. నేను "నాయనా" అని అరిచాను. రత్న కూడా "నాయనా" అనే అరిచింది, వాళ్ళ నాయనను. మా నాయన నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో గడ పట్టినవాడు లేడు. వంగి, గొర్రెపిల్లను ఎత్తినట్టు నన్ను సంకన ఇరికించుకుని బండ మీదికి దూకేశాడు. దూకిన ఆ ఊపుకు అరిగోలు బండను వదిలి పక్కకు పోయింది. మా ఇద్దరి బరువూ ఒక్కసారిగా పోయిన పక్క పైకి లేచింది, రత్న కూర్చున్న పక్క కిందికి పోయింది. రత్న నా వైపే చూస్తూ వెనక్కి పడింది. దాని మీద మిగిలినవాళ్ళు, వాళ్ళ మీద అరిగోలు.

అన్నదమ్ములకు ఈత వచ్చు, బయటపడ్డారు. మస్తాన్ తాత మలారం వదిలేసి, ఒక చేత్తో బోర్లాపడ్డ అరిగోలు అంచు, ఒక చేత్తో చౌడప్ప మామ జుట్టు పట్టుకుని, కొట్టుకుపోయి కొట్టుకుపోయి కింద మెరకలో తేలాడు. గడ పట్టినవాడు చేయాల్సిన పని గాజులమ్ముకునే ముసలాయన చేశాడు. మా నాయనకు ఈత రాదా అంటే, ఏటికి అడ్డంగా ఈదే మనిషి. కానీ ఆయన మళ్ళీ నీళ్ళలోకి దూకలేదు. నా పక్కటెముకలు నొప్పి పుట్టేలా నన్ను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. వదలమని నేను చెప్పలేదు. గట్టు మీద జనం మోకులు విసిరి మమ్మల్ని లాగేసరికి మధ్యాహ్నం అయ్యింది. ఆ పొద్దు అందరికన్నా కడాన గట్టు చేరింది మేమే. రత్న మరునాడు జమ్ముగడ్డిలో దొరికింది.

ఆ సాయంత్రం అమ్మ నన్ను ఇంట్లోకి లాక్కుపోయి, తలుపు గడియ పెట్టి, అప్పుడు కావలించుకుంది. చప్పుడు బయటికి పోకుండా నా తలలో ముఖం పెట్టి ఏడ్చింది. గోడ అవతల రత్న వాళ్ళమ్మ గొంతు పోయేలా ఏడుస్తుంటే, బిడ్డ బతికిన తల్లి ఏ ముఖం పెట్టుకుని సంతోషపడుతుంది? నేను బతికినందుకు మా ఇంట్లో దొంగతనంగా సంతోషపడాల్సి వచ్చింది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు కూడా లేవు, అయినా నాకు అది అర్థమైంది. వీధిలో నడిచేటప్పుడు నా తల దానంతట అదే వంగిపోయేది.

అవ్వ నాయనను ఒక్క మాట అనలేదు. రాగి సంగటి ఉడికింది. అవ్వ అమ్మ చేతిలో తెడ్డు లాక్కుని, మొదటి ముద్ద నాయన కంచంలో పెట్టింది. "ముందు నువ్వు తినప్పా" అంది. కన్న కొడుకును ఎప్పుడూ రా, నాగా అనే అవ్వ, అప్పా అంది. నాయన ఆ కంచం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చుని, తల దించుకుని తిన్నాడు. అవ్వ ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో మొదటి ముద్ద ఆయనదే. ఆయన ఒక్కనాడు కూడా వద్దనలేదు. ఆ కంచం ముందు ఆయన కూర్చునే తీరు చూడలేక నేను కొట్టంలోకి పోయి నిలబడేదాన్ని.

మనిషి పోయింది కాబట్టి పెనుకొండలో ఆఫీసరు ముందు విచారణ పెట్టారు. నాయన నన్నూ వెంట తీసుకుపోయాడు. కొండ కింద ఆ కచేరీ వరండాలో రాతి స్తంభానికి ఆనుకుని నేను నిలబడ్డాను. నిజం చెప్పేస్తే నాయనను జైలుకు తీసుకుపోతారని అమ్మ చెప్పింది. ఆఫీసరు నన్ను ఒకసారి చూసి, చిన్నపిల్ల అని వదిలేశాడు. చౌడప్ప మామను పిలిచారు. గుండు చేయించుకున్న తలకు తువ్వాలు చుట్టుకుని, చేతులు కట్టుకుని చెప్పాడు. "అయ్యా, నాగప్ప తప్పు ల్యా. అరిగోలును బండకు కట్టేదానికి మోకు తీసుకోని దూకినాడు. ఈ పిల్ల ఆయప్ప కాళ్ళు కరుచుకోని ఉండె, దాంతోనే వచ్చేసె." మోకు ఎక్కడిది? అరిగోలులో మోకే లేదు. మస్తాన్ తాతను అడిగితే, "నేను కండ్లు మూసుకోని అల్లాను తలుచుకుంటాంటి దొరా, ఏమీ చూడల్యా" అన్నాడు. నాయనను పొమ్మన్నారు.

బయటికి రాగానే నాయన చౌడప్ప మామ కాళ్ళ మీద పడ్డాడు. "యాల అట్ల చెప్తివన్నా? నన్ను జైల్లో ఏయించకపోతివా?"

మామ కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు. "లెయ్యి. నిన్ను కాపాడాలని చెప్పలేదప్పా. లచ్చుమిని ఎక్కించమన్నోణ్ణి నేనే. నీ జాగాలో నేనుంటే నేనూ నా బిడ్డనే ఎత్తుకునేవాణ్ణి. ఆ మాట నిజం, అందుకే చెప్పినా. కానీ నేను గడ పట్టల్యా కదా. నువ్వు పట్టినావు. నిన్ను నమ్మి కదలకుండా కూకున్న్యాం." తలకు తువ్వాలు బిగించుకుని, "ఇంగ నువ్వు నాకు ఎదురు పడొద్దు నాగప్పా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అలసిపోయిన గొంతుతో అన్నాడు.

ఎదురు పడకుండా ఉండడానికి మేము ఊరే వదిలేశాము. హిందూపురంలో చింతపండు మండీలో నాయనకు మూటలు మోసే పని దొరికింది. తోలు వాసన పోయి, మా ఇంటికి పులుపు వాసన వచ్చింది. సగం తెలుగూ సగం కన్నడమూ మాట్లాడే ఆ వీధిలో మా సంగతి ఎవరికీ తెలియదు. నేను బడికి పోయాను, బాగా చదివాను. కానీ నాయన ఆ తర్వాత ఎప్పుడూ నాతో కలిసి ఏ బండీ ఎక్కలేదు. పెనుకొండకు బొగ్గుతో నడిచే బస్సులో పోవాల్సి వస్తే నన్నూ అమ్మనూ ఎక్కించి, తాను నడిచి వచ్చేవాడు. ఆ బస్సుకూ పెద్ద వేగమేం లేదులెండి, మిట్ట వస్తే అందరూ దిగి తోయాల్సిందే, ఒక్కోసారి నాయనే మాకన్నా ముందు చేరేవాడు. రైలైతే మమ్మల్ని ఒక పెట్టెలో కూర్చోబెట్టి తాను ఇంకో పెట్టె చూసుకునేవాడు. నా తల నిమరడం మానేశాడు. నన్ను ముట్టుకుంటే ఎవరో చూస్తారన్నట్టు ఉండేది ఆయన వాలకం.

నా పెండ్లి ధర్మవరంలోనే జరిగింది. రత్న వాళ్ళమ్మ వచ్చింది. వస్తుందని మేము అనుకోలేదు, పిలవడానికే నోరు రాలేదు. ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చి, నన్ను లేపి నిలబెట్టి, తల నుంచి కాళ్ళ దాకా చూసింది. నా భుజం తన గడ్డానికి ఆనుతుందో లేదో చూసుకుంది. "రత్న కూడా ఇంతే ఎత్తు ఉండును కదమ్మా. మీరిద్దరూ ఒక తూకం కదా" అంది. నా బుగ్గలు పుణికి అక్షింతలు వేసింది. ఆమె తిట్టి ఉంటే నేను బతికిపోయేదాన్ని.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన ఉంది. బస్సు కన్ను మూసి తెరిచేలోపల అవతల ఉంటుంది, ఏనుగుబండ ఏదో నా మనవడికి తెలియదు. ఓడ కెప్టెన్లకు ఏం చేయాలో చట్టాల్లో రాసి ఉంటుందట, తప్పితే శిక్షలట. మంచిదే. మాకు రాత లేదు, అవ్వ నోటి మాటే. అది తప్పితే శిక్ష వేసేదీ అవ్వే, ఇంట్లో, కంచంలో. ఇప్పటివాళ్ళు ఎవడో ముక్కూమొహం తెలియనివాణ్ణి తిట్టి టీ తాగేసి లేచిపోగలరు. వాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళ కోసం ఎవరూ ఎవరినీ నీళ్ళలో వదిలేసి రాలేదు. నా పిల్లలకు నేను ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మా తాత గడ పట్టేవాడట అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు, నేను ఊరుకునేదాన్ని.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో నాయనకు ఊపిరితిత్తులు చెడ్డాయి. చింతపండు దుమ్మో, బీడీలో, మనసో, ఏదని చెప్పను. నేను ధర్మవరం నుంచి రైలెక్కి వచ్చాను. ఒక మధ్యాహ్నం అమ్మ నీళ్ళకు పోయింది. అవ్వ అంతకు ముందే పోయింది. ఇంట్లో మేమిద్దరమే. గోడకు ఆనించి కూర్చోబెట్టి గంజి తాగిస్తున్నాను. ఆయన చేతులు ఎంత సన్నబడ్డాయంటే, ఆ చేతులే నన్ను ఎత్తాయంటే నమ్మకం కుదరలేదు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని అనిపించింది.

"నాయనా, మళ్ళా ఆ పొద్దే వస్తే ఏం చేస్తావు?" అన్నాను.

ఏ పొద్దని ఆయన అడగలేదు. నేను ఏ జవాబు కోసం ఎదురుచూశానో నాకు తెలుసు. నిన్ను ఎక్కించుకోను అంటాడనుకున్నాను. లేకపోతే రత్నను కూడా పట్టుకుంటా, అందరినీ దింపి కడాన దిగుతా అంటాడనుకున్నాను. అలా అంటే ఇద్దరం కలిసి ఏడ్చి, కొంచెం తేలికపడదామని నా ఆశ. ఆయన చాలాసేపు దగ్గాడు. నా ముఖం వైపు చూశాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి కండ్లు తిప్పుకోకుండా.

"నిన్నే ఎత్తుకుంటా" అన్నాడు.

ఆయన గడ్డం మీద కారిన గంజి కొంగుతో తుడిచాను.

"తప్పు కదమ్మా?" అన్నాడు, చిన్నపిల్లవాడు అడిగినట్టు.

"తప్పే నాయనా" అన్నాను.

అవునన్నట్టు తల ఊపి, గంజికి నోరు తెరిచాడు.

నేను గరిటెతో గంజి పోశాను. ఆ జవాబు విన్నప్పుడు నాకు రత్న గుర్తు రావాలి. జమ్ములో దొరికిన దాని జడ, ఆ సన్నటి వేళ్ళు, నా భుజం కొలుచుకున్న వాళ్ళమ్మ గడ్డం గుర్తు రావాలి. అవేవీ రాలేదు. నాకు సంతోషం వేసింది. పెండ్లినాడు కూడా వేయనంత సంతోషం. నాయన చేసినదానికి సిగ్గుపడి సిగ్గుపడి నేను ముసలిదాన్నయ్యాను, ఆ సిగ్గుతో బతకడం అలవాటైపోయింది. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషానికి మాత్రం ఇంకా అలవాటు పడలేదు.